రెండో గంప మట్టి

పద్మనాభం ఊరు దాటి లోపలికి వెళ్తే ఒక కొండ మొదట్లో, కోతలైపోయిన వరిమళ్ళ పక్కన, నాలుగు గోతులు తవ్వారు. నూతుల్లాంటి గోతులు కావు. పెళ్ళిపందిరికి తాడు పట్టి కొలిచినట్టు నలుపలకలుగా, గోడలు చాకుతో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. మా మనవరాలు దేవి అక్కడ పని నేర్చుకుంటోంది. ఎప్పటివాళ్ళో ఎక్కడ కాపురమున్నారో, ఏం పెంచారో, ఏం తిన్నారో మట్టిని అడిగి తెలుసుకునే చదువు దానిది. "మట్టి తవ్వడానికి ఎమ్మే సదవాలేటే? మీ ముత్తాత సంతకం రాకుండానే తవ్వీసినాడు" అని నేను ఏడిపిస్తూ ఉంటాను. పోయిన నెల ఒక ఆదివారం మా అబ్బాయి కారు తీస్తే, పిల్లకి ఇంత గోంగూర పచ్చడీ నాలుగు జంతికలూ పట్టుకుని ఉక్కునగరం నుంచి నేనూ బయల్దేరాను.

వెళ్ళేసరికి పిల్లలంతా గోతుల్లో గొంతుక్కూర్చుని చిన్న తాపీలతో, బ్రష్షులతో మట్టి గోకుతున్నారు. నేను గట్టు మీద నిలబడి మూడో గోతిలోకి తొంగిచూశాను. చూడగానే చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు, కాళ్ళకి తెలిసింది. "ఇది గొడ్ల సాల కదే" అన్నాను. దేవి తలెత్తి, "నీకెవరు చెప్పారు అమ్మమ్మా?" అంది. "ఒకలు సెప్పాలేటి? నేల సూత్తే తెలీదా?" అన్నాను. నల్లగా, గట్టిగా, తొక్కితొక్కి అరుగులా దిగిన నేల. గోడ కోసిన చోట పొరలు కనిపిస్తున్నాయి. ఒక నల్ల పొర, దాని మీద తెల్లటి బూడిద పొర, మళ్ళీ నలుపు, మళ్ళీ బూడిద. నేలలో అక్కడక్కడ గిట్టలు దిగిన గుంటలు, రెండు డెక్కల ముద్ర చెక్కుచెదరకుండా. ఒక వరసలో గుండ్రటి మరకలు, అవి రాటలు పాతిన చోట్లట. కర్ర పుచ్చిపోయినా కన్నం మిగిలిందట. మొరటు కుండపెంకులు, అరిగిపోయిన ఆవు పన్ను, మధ్యలో గుంటపడిన నూరుడు రాయి, అన్నీ చీటీలు కట్టి సంచుల్లో పెట్టారు.

వాళ్ళకి చదువు చెప్పే మేడం కృష్ణా జిల్లా వైపు మనిషి. మంచిది. నన్ను చెయ్యిపట్టి దించి కూర్చోబెట్టి, "మామ్మగారూ, వేల ఏళ్ళ కిందట ఇక్కడ పశువుల్ని కట్టేవాళ్ళండి. పేడ పోగుపడేది, అప్పుడప్పుడు దాన్ని కాల్చేవాళ్ళు. అంతవరకూ మాకు అర్థమైంది" అంది. తరవాత ఒక మూల చూపించింది. ఆ నల్లనేలలో గంపెడంత మేర ఎర్రమట్టి. చుట్టుపక్కల ఎక్కడా అలాంటి మట్టి లేదట. "ఇదొక్కటే మా బుర్రకి అందడం లేదండి" అంది. నేను నోరు ఆపుకోలేకపోయాను. "పాత సాల మట్టమ్మా. గొడ్లని ఒక కాడినించి ఇంకో కాడికి మార్సినప్పుడు పాత సాల నేల గంపెడు తవ్వి తెచ్చి కొత్త సాలలో పరుస్తారు. ఆ వాసనుంటేనే గొడ్డు కుదురుకుంటాది. ఇంటి ఆడపిల్ల నెత్తినెట్టుకుని, దారిలో దించకుండా తేవాల" అన్నాను. గోతిలో పిల్లలందరూ పని ఆపేశారు. మేడం వెంటనే తలూపెయ్యలేదు. "ఇలా అయ్యుండొచ్చని రాసుకుంటానండీ. అవునో కాదో మట్టిని పరీక్ష చేయించాకే చెప్పగలం" అంది. ఆ మాట నాకు నచ్చింది.

ఇంతలో మా దేవి లేచి, "మా అమ్మమ్మ కూడా మోసింది మేడం! తొమ్మిదేళ్ళప్పుడు నాలుగు మైళ్ళు మోసుకొచ్చింది. ఆ మట్టి వల్లే ఆవు పాలిచ్చింది, ఆ పాలతోనే మా చిన్నమ్మమ్మ బతికింది" అని గడగడా చెప్పేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి ఫోటో కూడా తీసింది. నేను పచ్చడి సీసా ఒళ్ళో పెట్టుకుని తలవంచుకున్నాను. ఆ కథ మా ఇంట్లో అందరికీ వచ్చు. పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు, పిల్లలకి అన్నాలు పెడుతూ చెప్పుకుంటారు. ఎవరికీ తెలియనిది ఒకటే. నేను మోసింది ఒక గంప కాదు, రెండు. మొదటి గంప సంగతి మా చెల్లి పైడమ్మకి చెప్పకుండా నేను ఇన్నేళ్ళు దాని చేతి కూడు తిన్నాను.

తిరిగి వస్తుంటే కారులో మావాడు ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడలేదు. నా ముక్కునిండా పాత సాల వాసన.

ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న చోట, సముద్రం గాలి తగిలేంత దగ్గరలో ఉండేది మా ఊరు. ఇంటికంటే మా సాలే పెద్దది. తాటాకు కప్పు, తుమ్మరాటలు, ఒక మూల తొట్టి. తెల్లారేసరికి మా నాయనమ్మ సాలలోకి వెళ్ళేది. ముందు గొడ్లతో మాట్లాడితేగానీ చెయ్యి వేసేది కాదు. "లెగండే, లెగండి, సూరీడొచ్చీసినాడు" అని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి లేపేది. నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది మా నాయనమ్మ, మావైపు ముసలాళ్ళందరిలాగే. ఆ పొగ వాసన, తడిసిన పలుపుల వాసన, వేడి వేడి పేడ, తవుడు కలిపిన కుడితి, ఇవన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి. విడివిడిగా ఇప్పుడు చెప్తున్నాను గానీ అప్పుడు అది ఇంటి వాసన, అంతే. సాయంత్రం పూట దోమలకి వావిలాకు, ఎండు పేడ కలిపి పొగ వేసేది. ఆ బూడిద పారబోసేది కాదు. పొద్దున్నే సాలలో తడి ఉన్నచోట చల్లేది, చెమ్మ పీల్చుకుంటుందని. పండగ ముందు బంకమట్టి, పేడ కలిపి నేలంతా మెత్తేది. ఇంట్లో కుండ పగిలితే అమ్మ తిట్టేది గానీ నాయనమ్మ సంబరపడేది. ఆ పెంకులు తీసుకెళ్ళి గొడ్డు కాలు జారే చోట దిగ్గొట్టేది. మా సాలలో ఏదీ బయటికి పోయేది కాదు. అంతా నేలలోకే పోయేది.

ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు ముందు గొడ్లు వెళ్ళాయి. మాకిచ్చిన కొత్త కాలనీలో మేపు లేదని ఎవరి గొడ్లని వాళ్ళు ఎలమంచిలి వైపు చుట్టాలకి తోలేశారు, అమ్మేశారు. మా నాయనమ్మ ఒక్క చుక్కావుని మాత్రం వదల్లేదు. నల్లావు, నుదుట తెల్ల చుక్క. అమ్మకి నెలలు నిండాయి, ఇంట్లో పాడి ఉండాలని నాయనమ్మ పట్టు. పైడమ్మ పుట్టిన పన్నెండో రోజున బండి కట్టాం. బండి ఎక్కేటప్పటికే అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది. కొత్త చోటికి చేరేసరికి అమ్మకి పాలు ఎండిపోయాయి.

కొత్త కాలనీ అంటే అప్పుడేముంది, సున్నం గీతలు గీసిన జాగాలు, రాళ్ళూ మొరం, చెట్టన్నది లేదు. నాన్న రెండు నిట్రాళ్ళు పాతి తాటాకు కప్పి, పక్కన ఆవుకి ఒక పాక వేశాడు. చుక్కావు ఆ పాకలో పడుకోలేదు. నిలబడే ఉంది. గడ్డి వేస్తే వాసన చూసి వదిలేసింది. పాత ఊరు వైపు తిరిగి మెడ చాపి అరిచేది. దూడని వదిలితే దూడ పొదుగు గుద్ది గుద్ది అలసిపోయింది గానీ ఆవు పాలు చేపలేదు. పొదుగు నిండుగానే ఉంది. దించడం లేదు. పైడమ్మకి పంచదార నీళ్ళు గుడ్డతో పిండేవాళ్ళం. వీధిలో ఒక పచ్చి బాలింత పొద్దున ఒకసారి తన పాలు పట్టేది, ఆవిడ బిడ్డకే చాలేవి కావు. రెండో రోజుకి పైడమ్మ ఏడుపు మారిపోయింది. పిల్లి కూన అరిచినట్టు సన్నగా అయిపోయింది.

"పాత సాల మట్టి రావాల" అంది నాయనమ్మ. నాన్నకి కోపం వచ్చింది. ఆయన అప్పుడే కొత్తగా కాంట్రాక్టరు కింద కూలికి కుదిరాడు. "ఇక్కడ నలుగురూ సూత్తన్నారు. గెత్తం నెత్తిన మోసుకొచ్చి వాకిట్లో పరుసుకుంటే నవ్వుతారమ్మా" అన్నాడు. గెత్తమంటే మావైపు పశువుల ఎరువు. "నవ్వనీరా. నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, నీ కూతురు గొంతెలా అయిపోనాదో ఇను" అంది నాయనమ్మ. నాన్న పనికి వెళ్ళిపోయాడు. అమ్మ ఒంటి మీద తెలివి లేదు. అమ్మని, బిడ్డని వదిలి నాయనమ్మ కదల్లేదు. మిగిలింది నేను. చుట్టకుదురు, గంప, చిన్న గునపం ఇచ్చి, "మన సాల మూల, తొట్టి పక్కన తవ్వు. దారిలో దించకు. బేగి రా" అంది.

నాలుగు మైళ్ళు ఒక్కదాన్నీ నడిచాను. పొద్దుటి ఎండ. దారి నాకు తెలుసు, దాని గురించి భయం లేదు. ఊరు కనపడ్డాకే భయం వేసింది. మా ఊరు అక్కడ ఉంది, కానీ ఇళ్ళకి నెత్తులు లేవు. దూలాలు, వాసాలు, తలుపులు, పెంకులు ఎవరివి వాళ్ళు పీక్కుని పట్టుకుపోయారు. గోడలన్నీ నోళ్ళు తెరిచి ఉన్నాయి. వదిలేసిన కుక్కలు గుంపుగా నన్ను చూసి పరుగెత్తుకొచ్చాయి. ఆకలితో వచ్చాయి పాపం, నన్ను గుర్తుపట్టే వచ్చాయేమో కూడా. నేను మాత్రం వెనక్కి పరుగు తీశాను. ఊరి పొలిమేర దాటాక ఒక చేనులో మంద పెట్టిన జాగా కనిపించింది. నల్లగా, తొక్కిన నేల, పేడ పొడి. గెత్తం గెత్తమే కదా అనుకున్నాను. గునపంతో పెళ్ళగించి గంపలోకి ఎత్తాను. గట్టు మీద పెట్టి, కిందకి వంగి నెత్తికెత్తుకున్నాను. ఒక్క మాట మాత్రం తప్పలేదు. దారిలో దించలేదు.

"మన సాలదేనా?" అని నాయనమ్మ అడిగింది. "మనదే" అన్నాను. అమ్మకి తడిగుడ్డ వేస్తూ ఉంది, సరిగ్గా చూడలేదు. గబగబా పాకలో పరిచి మళ్ళీ అమ్మ దగ్గరికి వచ్చేసింది. చుక్కావు ఆ మట్టి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రోజూ పడుకోలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కూడా. పైడమ్మ ఏడవడం కూడా మానేసింది. నేను ఇంట్లో ఉండలేక, బయట ఉండలేక, గుమ్మం మీదే కూర్చునేదాన్ని. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేదాన్ని. అమ్మ మూలిగేది, నోరు మూసేసేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం నాయనమ్మ ఆవు కాళ్ళ దగ్గర కూర్చుని ఆ మట్టి చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో నలిపింది. వాసన చూసింది. తరవాత గింజలేరినట్టు అందులోంచి ఏవో ఏరి, నన్ను పిలిచి, నా అరచేతిలో పోసింది. మిరియాల్లా నల్లటి గుళ్ళు. గొర్రె పెంటికలు. "మన సాలలో గొర్రెలెప్పుడున్నాయే?" అంది. అంతే అంది. నేను చెయ్యి ముయ్యలేదు, దులపలేదు. కొడుతుందని చూశాను, కొట్టలేదు. "లెగు, ఎల్దాం" అంది. ఆ బాలింతని బతిమాలి అమ్మ దగ్గర కూర్చోబెట్టి, నాకంటే ముందు నడిచింది.

సాలకి కప్పు లేదు. రాటలు కూడా ఎవరో పీకేశారు, కన్నాలు మిగిలాయి. నాయనమ్మ తొట్టి ఉన్న మూల కూర్చుని గునపంతో నేలని అడుగు లోతు కోసింది. అప్పుడు మొదటిసారి చూశాను, నేల లోపల నేల ఉంటుందని. నాయనమ్మ గునపం మొనతో చూపిస్తూ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "ఇది మీ అమ్మ కాపరానికొచ్చిన ఏడు మెత్తినాను. ఈ ఇసక సూడు, గాలివాన ఏడు సముద్రం గాలికి కొట్టుకొచ్చింది, పదారు గొడ్లు పోనాయి ఆ ఏడు. ఇది బూడిద, మీ తాత పోయినప్పుడు మూన్నెల్లు నాను సాల ఊడ్సలేదు, పొగేత్తానే ఉన్నాను." అన్నిటికంటే అడుగున ఎర్రటి మట్టి, అరచేతి మందాన. దాని దగ్గర ఆగింది. "ఇది మా అత్త తెచ్చినాది. కొండకింద మనోల్ల పాతూరు సాలలోది. మా అత్తకి వాల్లత్త సెప్పిందట, అంతకుముందు సాల మట్టి కూడా ఇందులోనే ఉన్నాదని." ఆ ఎర్రమట్టి కూడా ఒక దోసెడు తీసి గంపలో వేసింది. ఎత్తి నా నెత్తిన పెట్టింది. వెనకాల నడిచింది. మెడ విరిగిపోతుందేమో అనిపించింది. దించుతానని అడగలేదు.

ఆ మట్టి పరిచాక చుక్కావు చాలాసేపు మూతి నేలకి ఆనించి ఊపిరి తీసింది. ముందు కాలితో గీరింది. తరవాత ముందరి కాళ్ళు మడిచింది. అది కూలబడి పడుకుని నెమరు మొదలుపెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మర్నాడు పొద్దున్నే పాలు చేపింది. నాయనమ్మ ఉగ్గుగిన్నెతో పోస్తుంటే పైడమ్మ గొంతులో గుటక పడింది. మళ్ళీ ఒకటి. అమ్మ తలతిప్పి చూసింది. మట్టి వల్లే అయిందని నేను గట్టిగా చెప్పలేను. ఆ నాలుగు రోజులూ నాయనమ్మ కూడా కుదురుగా కూర్చోలేదు, అడ్డపొగ ముట్టలేదు. మట్టి పరిచిన సాయంత్రమే పాకలో దాని మీద కూలబడి చుట్ట వెలిగించింది. ఆవు ముందు కుదురుకుందో, ముసలమ్మ ముందు కుదురుకుందో. నా మొదటి గంప సంగతి మాత్రం ఆవిడ చచ్చిపోయేదాకా ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. తిట్టి ఉంటే తీరిపోయేది.

తరవాత పెళ్ళిచేసుకుని ప్లాంటు క్వార్టరుకి వచ్చాను. సిమెంటు నేల, ఆ తరవాత టైల్సు. రోజూ ఫినాయిలు వేసి తుడిపిస్తాం. నిన్న ఎవరు వచ్చారో, ఏం ఒలికిందో ఇవాళ నేల మీద జాడ ఉండదు. శుభ్రంగా ఉంది, హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. పేడ ఎత్తిన చేతులివి, టైల్సుని తప్పుపట్టను. కానీ ఆ గోతిలో ఎప్పటివాళ్ళదో డెక్క ముద్ర చూసినప్పటి నుంచీ, తుడిచేసిన నేల మీద నడుస్తుంటే నాకు కాళ్ళు నిలవడం లేదు. వాళ్ళు తుడిచెయ్యలేదు కాబట్టి ఆ ముద్ర మిగిలింది. నేను నా మొదటి గంపని తుడిచేశాను.

మొన్న బుధవారం నాడు గాజువాక వెళ్ళాను, పైడమ్మ ఇంటికి. కొడుకు ప్లాంటులో పనిచేస్తాడు, ఆ రోజు మార్నింగ్ షిఫ్టు. కోడలు బ్యాంకు పనిమీద వెళ్ళింది. పైడమ్మ వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. దాని మనవరాలు పక్కన చాప మీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులేస్తోంది.

"రాయే అప్పా, ఏటి సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? పిల్లలు తగువెట్టుకున్నారేటి?" అంది. దాని నోరు అంతే. "తగువేటీ లేదు. నీతో ఒక మాట సెప్పాల" అన్నాను. "సెప్పు. మునగాకు దూసీలోపే సెప్పాల మరి, ఆనక పొయ్యి కాడికెల్లాల" అంది.

చెప్పాను. కుక్కలు, గొర్రెల మంద, పెంటికలు, అన్నీ. "మూడ్రోజులు నీ పాలు నానే ఆపీసినాను పైడీ. మనోలందరూ నన్ను మెచ్చుకుంటంటే నోరుమూసుకుని ఇన్నాను" అన్నాను. పైడమ్మ ఆకు దూయడం ఆపలేదు. రెండు రెబ్బలు దూసింది, మూడోది చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"నీకప్పుడు ఎన్నేల్లే?" అంది.

"తొమ్మిది."

అది చాప వైపు చూసింది. "దీనికీ తొమ్మిదే" అంది. "ఈదిసివర పాల పేకెట్టుకి పంపాలంటే నాను గేటు కాడ నిలబడి సూత్తాను, మలుపు తిరిగీదాకా." పిల్ల తలెత్తి, "నేను ఒక్కదాన్నే వెళ్ళగలను నానమ్మా" అంది. "నువ్వూరుకో" అంది పైడమ్మ. నా వైపు తిరిగింది. "ఒక్కద్దానివే ఎల్లినావా?"

"మొదటిసారి ఒక్కద్దాన్నే."

"ఆ కుక్కల్లోకి?"

"ఊఁ."

"నెత్తినెట్టుకున్నాక దించకూడదా?"

"దించకూడదన్నాది నాయినమ్మ."

"మరి నాలుగు మైల్లూ దించలేదేటి?"

"లేదే. రెండుసార్లూ దించలేదు."

పైడమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. చేతులకంటిన ఆకు చీరకి తుడుచుకుంది. ఏమంటుందో అని నేను మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. అది జరిగి నా పక్కకి వచ్చింది. అరచెయ్యి చాపి నా నడినెత్తి మీద పెట్టి, అక్కడ ఇంకా నొక్కు ఉందేమోనని వెతికినట్టు మెల్లగా తడిమింది.

"సిన్నపిల్లవి కదే" అంది.

అది చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు.